ఎండాకాలం మేం లేం

ప్రతి జనవరిలో, సంక్రాంతికి అటూ ఇటూగా, మేం తెల్లవారకముందే గట్ల మీదికి చేరతాం. మంజీర, సింగూరు, కొల్లేరు, కోరింగ, పులికాట్‌... ఎవరి జిల్లాకు దగ్గరలో ఏ నీరుంటే ఆ నీటి దగ్గరికి. మంచు విడిచేదాకా ఆగి, కంటపడిన ప్రతి నీటిపిట్టనూ లెక్కపెట్టి రాసుకుంటాం. 1987లో భారత ఉపఖండంలో మొదలై, తర్వాత ఆసియా దేశాలకు పాకిన నీటిపక్షుల గణనలో అదొక భాగం. హిమాలయాలు దాటి దిగివచ్చే బార్‌హెడెడ్‌ గూస్‌లు ఎన్ని, బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే ఉల్లంకులు ఎన్ని, ఉత్తరాది బాతులు ఏయే రకాలు ఎన్నెన్ని, అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. మర్నాడు పత్రికల జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. విదేశీ అతిథుల సందడి అని శీర్షిక పెడతారు. మేం దాన్ని కత్తిరించి దాచుకుంటాం.

ఫిబ్రవరి వెళ్ళాక ఆ పిట్టల్లో చాలావరకు తిరుగు ప్రయాణం కడతాయి. మేమూ వెళ్ళిపోతాం. సీజన్‌ అయిపోయిందంటాం. బైనాక్యులర్లు బీరువాలోకి చేరతాయి, వాట్సాప్‌ గ్రూపులు చల్లబడతాయి. ఎండ ముదిరాక నది మొహం చూసేవాళ్ళు మాలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు.

సరిగ్గా అప్పుడే నదికి సొంతమైన పిట్టలు గుడ్లు పెడతాయి.

ఇంటికి వచ్చిపోయే చుట్టాల పేర్లు ఏటా వరసగా రాసిపెట్టుకుని, ఇంట్లోవాళ్ళు ఎంతమంది మిగిలారో చూసుకోని కుటుంబం మాది. చలికాలపు లెక్క తప్పని నేననను. అది మంచి పని, ఇంకా బాగా జరగాల్సిన పని. కానీ దశాబ్దాలుగా ఆ ఒక్క పనినే పక్షి వీక్షణం అనుకుని, నదిని ఏడాదిలో తొమ్మిది నెలలు వదిలేశాం. ఆ తొమ్మిది నెలల్లో ఏం పోయిందో చెప్పడానికి ఇవాళ మా దగ్గర కాగితం ముక్క లేదు. మమ్మల్ని లోకం ప్రకృతి ప్రేమికులంటుంది. అందుకే ఈ మాట మా నోటితోనే రావాలి.

ఏ పిట్టల సంగతి చెబుతున్నానో వివరిస్తాను. కృష్ణ మీదో గోదావరి మీదో వంతెన దాటుతుంటే, నీటికి కాస్త ఎత్తులో, తల కిందికి వంచి చేపల్ని వెతుక్కుంటూ ఎగిరే తెల్లటి పిట్ట ఒకటి కనిపిస్తుంది. పసుపు ముక్కు, నల్లటి నడినెత్తి, రెండుగా చీలిన పొడవాటి తోక. అది రివర్‌ టెర్న్‌. దానికంటే చిన్నది, నారింజ రంగు ముక్కుది, గుడ్లు పెట్టే కాలంలో పొట్ట నల్లబడేది బ్లాక్‌బెల్లీడ్‌ టెర్న్‌. స్మాల్‌ ప్రాటింకోల్‌ గుప్పెడంత పిట్ట. ఇసుక రంగే దాని రంగు. సాయంత్రం పూట నీళ్ళ మీద పురుగుల్ని పడుతుంటే వానకోయిల అనుకుని వదిలేస్తాం. పగలంతా రాళ్ళ మధ్య కదలకుండా నిలబడి, పసుపుపచ్చటి పెద్ద కళ్ళతో చూసేది గ్రేట్‌ థిక్‌నీ. గోదావరి వైపు వెళితే రివర్‌ ల్యాప్‌వింగ్‌ కనిపిస్తుంది.

వీటిలో ఏదీ చెట్టు మీద గూడు కట్టదు. వరద తగ్గి, నది పాయలుగా విడిపోయి, నడుమ ఇసుక మేటలూ తిప్పలూ బయటపడ్డాక ఆ ఇసుకలోనే గుండెతో రాసి చిన్న పల్లం చేసుకుంటాయి. అందులో రెండో మూడో గుడ్లు. ఫిబ్రవరి ఆఖరు నుంచి మే దాకా ఇదే వాటి కాలం. గుడ్డు పిల్ల కావడానికి దాదాపు మూడు వారాలు, పిల్ల రెక్క విప్పడానికి మరో నెల. ఆ కొద్దివారాలూ చుట్టూ నీళ్ళుండాలి, నక్కా కుక్కా రాకుండా. పైనుంచి వరద రాకూడదు. నడుమ మనిషి తిరగకూడదు. వాటికి కావలసింది అంతే. మన నదుల్లో అదే కరువైంది.

కృష్ణలో ఒక తిప్ప మీద, ఏప్రిల్‌ మధ్యాహ్నం చూసింది చెప్పాలి. ఒడ్డు నుంచే, టెలిస్కోపులో. ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కేంత ఎండ. రివర్‌ టెర్న్‌ ఒకటి గుడ్ల మీద పొదిగినట్టు కూర్చోలేదు, కాళ్ళ మీద సగం లేచి గుడ్లకు నీడ పడుతోంది. నోరు తెరిచి రొప్పుతోంది. కాసేపటికి జత పిట్ట వచ్చింది. ఇది లేచి నీటి అంచుకు పోయి, నీళ్ళకు పొట్ట తాకించి, ఈకలు తడుపుకుని వచ్చి మళ్ళీ గుడ్ల మీద వాలింది. తడి ఈకలతో గుడ్లను చల్లబరచడం అన్నమాట. అలా ఒకదాని తర్వాత ఒకటి, ఎండ దిగేదాకా అదే పని. బూడిదరంగు మీద గోధుమరంగు మచ్చలున్న ఆ గుడ్లు ఇసుకలో ఎంతగా కలిసిపోయాయంటే, పిట్ట లేచినప్పుడల్లా నాకు మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ గుడ్లున్న గుంటకు జానెడు దూరంలో ట్రాక్టరు టైరు గాడి ఉంది. ఆ గాడి తిప్ప పొడుగునా సాగిపోయింది. ఇంకాస్త అవతల, అదే గాడిలో, మధ్యాహ్నం కాస్త నీడ పడే అంచున ఒక పిల్ల నక్కి ఉంది. ఆ మొత్తం తిప్ప మీద నీడ అంటూ ఉన్నది ఆ గాడిలోనే. సాయంత్రం మళ్ళీ వచ్చే ట్రాక్టరు నడిచేది కూడా ఆ గాడిలోనే.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది పుట్టి నడిపి చేపలు పట్టే పెద్దాయన. ఆయన అన్నమాట: “ఏటా ఈడనే పెడ్తయి సార్‌. మా నాయిన వల ఏసే దినాలల్ల ఆ పక్క తిప్ప గూడ నిండ ఉండేటియి. మీరు చలికాలమే వస్తరు గద, మీకెట్ల తెలుస్తది.”

ఆయన నిందించలేదు, ఉన్నది చెప్పాడు. ఆ ఊరి రేవులో మా వాళ్ళు ఎన్నో చలికాలాలు టెలిస్కోపులు నిలబెట్టారు. ఆయనతో పుట్టి కట్టించుకున్నారు, టీ తాగించారు, ఫొటోలు దిగారు. ఎండాకాలం ఇక్కడేం జరుగుతుందని ఎవరూ అడగలేదు. పక్క తిప్ప ఎప్పుడు ఖాళీ అయిందో ఆయనకు తెలుసు. మా జాబితాలకు తెలియదు.

ఇసుక సంగతికి వద్దాం. వానాకాలంలో నదిలో ఇసుక తవ్వకూడదని నిబంధన ఉంది. నది బాగు కోసం పెట్టినదే. కానీ దాని ఫలితంగా తవ్వకం బరువంతా ఎండాకాలం మీద పడుతుంది. నీళ్ళు తగ్గుతాయి, ఇసుక బయటపడుతుంది, టిప్పరు దిగడానికి దారి ఏర్పడుతుంది. ఇళ్ళ పనులు కూడా ఎండల్లోనే జోరుగా ఉంటాయి. పొక్లెయిన్‌ దిగే మేటా, టెర్న్‌ గుడ్లు పెట్టే మేటా ఒకటే. దిగే నెలలు కూడా అవే. ఇసుక తవ్వే రీచ్‌కు దారి కోసం పాయకు అడ్డంగా మట్టీ తూములూ వేస్తే, చుట్టూ నీళ్ళున్న తిప్ప ఒడ్డుతో కలిసిపోతుంది. ఊరకుక్కలకు దారి దొరుకుతుంది. ఒక్క లోడు ఇసుక ఎత్తకపోయినా ఆ ఏడాది గుడ్లన్నీ పోవడానికి ఆ దారి చాలు. దీనికి తోడు ఎగువన ఏ అవసరానికో గేటు ఎత్తితే రాత్రికి రాత్రి తిప్ప మునుగుతుంది.

చిన్న ఖనిజాల తవ్వకానికి, అయిదు హెక్టార్ల లోపు అయినా సరే, పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో దీపక్‌ కుమార్‌ కేసులో చెప్పింది. దాని తర్వాత 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్‌ ఇచ్చింది. ప్రతి జిల్లాకూ ఇసుక మీద జిల్లా సర్వే నివేదిక తయారుకావాలి. దాని ముసాయిదాను కలెక్టరేట్లో ఉంచాలి, జిల్లా వెబ్‌సైట్లో 21 రోజులు పెట్టాలి. వచ్చిన అభిప్రాయాలను పరిశీలించాకే ఖాయం చేయాలి. అయిదేళ్ళకోసారి దాన్ని తాజాపరచాలి. నదిలో ఎక్కడ తవ్వవచ్చో, ఎక్కడ తవ్వకూడదో తేలడానికి పునాది ఆ కాగితమే.

ఆ 21 రోజుల్లో మేం ఎక్కడున్నాం? ఆ నివేదిక తెరిచి చూసినవాళ్ళు మాలో ఎవరు? ఫలానా మేట మీద ఫలానా నెలల్లో టెర్న్‌లు గుడ్లు పెడతాయి, అది వదిలేయండి అని రాతపూర్వకంగా ఇచ్చినవాళ్ళు ఎవరు? నాకు తెలిసినంతలో మా మిత్రబృందాల్లో ఒక్కరూ లేరు. అసలు అలాంటి నివేదిక ఒకటి ఉంటుందనే సంగతే చాలామందికి తెలియదు. చైనా నుంచి దారితప్పి వచ్చిన బాతు ఏ కుంటలో దిగిందో గంటలో తెలుసుకునే మాకు, మన నది ఇసుక భవిష్యత్తు ఏ కాగితం మీద తేలుతుందో తెలియదు.

గోదావరి ఒడ్డున ఒక ఊరి రైతులు రీచ్‌ వద్దని అర్జీ పెట్టుకోవాలనుకున్నారు. బోర్లు ఎండిపోతున్నాయన్నది వాళ్ళ గోడు. వాళ్ళ తరఫున కాగితాలు సర్దుతున్న కుర్రాడు మాలో ఒకరికి ఫోన్‌ చేశాడు. “అన్నా, మా ఊరి దగ్గర మేట మీద పిట్టలు గుడ్లు పెడతాయని మా తాతలు చెబుతారు. మీరెవరైనా చూసి రాసింది ఉందా? తారీఖుతో ఉంటే చాలు.” అందరం వెతికాం. ఆ రేవు పేరుతో మా దగ్గర జాబితాలు ఉన్నాయి. పేజీలకు పేజీలు. డిసెంబరువి, జనవరివి. ఎన్ని బాతులో, ఎన్ని కొంగలో, గద్దలు ఏ రకమో అన్నీ ఉన్నాయి. మార్చి నుంచి జూన్‌ దాకా ఒక్క ఆకు లేదు. రివర్‌ టెర్న్‌ అని రాసినచోట కూడా అంకె మాత్రమే ఉంది. ఏం చేస్తోంది, జతగా ఉందా, నోట్లో చేప పట్టుకుని ఎటు పోయింది అనే ఊసు లేదు. ఆ కుర్రాడికి పంపడానికి మా దగ్గర బార్‌హెడెడ్‌ గూస్‌ లెక్కలు తప్ప ఏమీ దొరకలేదు. పక్షులున్నట్టు ఆధారం లేదని ఎవరైనా ఆ అర్జీని పక్కన పెడితే, ఆ మాటకు బలం ఇచ్చింది మా ఖాళీ పేజీలే.

ఎందుకిలా అయ్యాం అని ఆలోచిస్తే నాకు తోచే కారణం ఒక్కటే. పిట్టను చూడటం మాకు క్రమంగా పిట్టను పొందడంగా మారింది. కొత్త జాతి ఒకటి కంటపడితే జాబితాలో అంకె పెరుగుతుంది. ఫలానా జిల్లాలో మొదటిసారి చూసింది మేమే అనే పేరు వస్తుంది. కెమెరాలు చవకయ్యాక ఆ ఆకలి ఇంకా పెరిగింది. ఒకే తిప్పను వారంవారం వెళ్ళి చూడటంలో కొత్త అంకె ఏదీ రాదు. అవే టెర్న్‌లు, అవే థిక్‌నీలు. చివరికి ఒక ఏడాది అవీ రావు. ఆ రాకపోవడాన్ని రాసుకోవడమే అన్నిటికంటే విలువైన రికార్డు. సున్నా అని రాయడానికి మా చెయ్యి రాలేదు. ఒక జాతి తగ్గిపోవడం తెలియాలంటే అది లేని రోజులు కూడా కాగితం మీద ఉండాలి కదా.

2023లో వెలువడిన దేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతుల్ని పరిశీలించి, వాటిలో 178 జాతుల మీద అత్యధిక శ్రద్ధ పెట్టాలని చెప్పింది. దానికి ముడిసరుకు ఇచ్చింది దేశం మొత్తం మీద 30 వేలమందికి పైగా మాలాంటి వీక్షకులే. సాధారణ మనుషులు రాసుకున్న జాబితాలు ఎంత పెద్ద సాక్ష్యం కాగలవో ఆ నివేదికే రుజువు. కాబట్టి మా చేతిలో బలం లేక ఓడిపోయామని మేం చెప్పుకోలేం.

1931-32లో సలీం అలీ, భార్య తెహ్మినాతో కలిసి నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ తర్వాత ఎప్పుడేం మారిందో పోల్చుకోవడానికి మనకొక మొదటి గీత గీసి ఇచ్చిన పని అది. 1980లో హైదరాబాదులో పక్షి వీక్షకుల సంఘం మొదలయ్యాక, ఉమ్మడి రాష్ట్రంలో ఊరూరా తిరిగి జాబితాలు తయారు చేసిన పెద్దలున్నారు. వాళ్ళ చేతిలో డిజిటల్‌ కెమెరా లేదు, ఫోన్‌ యాప్‌ లేదు. నోటు పుస్తకం ఉండేది. వాళ్ళు గీసిన గీత మీద మేం ఇంకో గీత గీయాల్సింది. ఫొటోలు పేర్చాం.

సాక్ష్యం ఉంటే ఏమవుతుందో మన కడప జిల్లాయే చూపించింది. కలివికోడిని 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అది మళ్ళీ దొరికింది. దొరికింది రాత్రిపూట దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానికుడి చేతికి. ఆ తర్వాతే బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్‌ భూషణ్‌ ద్వారా లోకానికి తెలిసింది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు ఏళ్ళ తరబడి ఆ ముళ్ళ పొదల్లోనే ఉన్నారు. మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద పాదముద్రలు వెతికారు, రాత్రంతా కూత కోసం కాచుకున్నారు, తనంతట తాను క్లిక్‌మనే కెమెరాలు పెట్టారు. 2005లో తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు ఆ పొదల్లోకి దిగినప్పుడు, ఇది కలివికోడి ఉండే నేల అని చూపించడానికి వాళ్ళ చేతిలో తారీఖుతో, చోటుతో సహా ఆధారాలున్నాయి. కాలువ దారి మార్చాల్సి వచ్చింది. పొదలకు అప్పటికే కొంత నష్టం జరిగింది, నిజమే. కానీ కాలువ పక్కకు జరిగింది.

ఆ పని చేసినవాళ్ళు గుప్పెడు మంది. మిగతా మేమంతా చేసిందేమిటంటే, కలివికోడి ఎక్కడ కనిపిస్తుందని వాళ్ళకు ఫోన్లు చేశాం. ఆ పొదలు ఎవరు కొడుతున్నారని అడగడానికి చేసిన ఫోన్లు నాకు గుర్తులేవు.

ప్రాణహిత ఒడ్డున, బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు వెలుగులోకి వచ్చాయి. తెలంగాణలో రాబందులు ఇంకా ఉన్నాయని తెలిసి మేం ఉప్పొంగిపోయాం. వెళ్ళాం, చూశాం, కొండ చరియ మీద పిల్లకు మేత పెడుతున్న తల్లి ఫొటోలు తెచ్చుకున్నాం. రాబందుల్ని చంపింది ఏమిటో మాకు అప్పటికే తెలుసు. నొప్పులకు పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్‌ చచ్చిన పశువు మాంసంలో మిగిలి, అది తిన్న రాబందు మూత్రపిండాలు పాడైపోతాయి. 2006లోనే పశువులకు ఆ మందు నిషేధించారు. మనుషుల పేరుతో వచ్చే పెద్ద సీసాలు పశువులకు మళ్ళుతున్నాయని 2015లో వాటినీ ఆపారు. గుట్ట ఎక్కిన మేం, దిగాక ఆ చుట్టుపక్కల ఊళ్ళ మందుల షాపుకు వెళ్ళి ఏం అమ్ముతున్నారని అడగొచ్చు. పశువుల ఆసుపత్రిలో కాసేపు కూర్చోవచ్చు. గొర్రెలకాపరితో మాట్లాడొచ్చు. ఇందులో ఏదీ కష్టమైన పని కాదు. బండి తిరిగి ఎక్కడమే మాకు తెలిసిన పని.

మేం చేయని పని ఊళ్ళవాళ్ళు చేశారు. నెల్లూరు వైపు నేలపట్టు, వెదురుపట్టు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం. చిలమత్తూరు మండలం వీరాపురం. ఇళ్ళ మధ్య చెట్ల మీద, ఊరి చెరువు తుమ్మల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ పిల్లల్ని చేసుకుంటుంటే, ఆ కంపూ రొదా భరించి, వాటిని కొట్టనివ్వకుండా తరతరాలుగా కాచినవాళ్ళు వాళ్ళు. ఊరికి ఆ పిట్టలు రాని ఏడాది వానలుండవని వాళ్ళ నమ్మకం. ఆ చెట్ల కింద నిలబడి మేం ఫొటోలు తీశాం. గూటి నుంచి జారిపడిన పిల్లను ఎత్తి నీళ్ళు పట్టింది ఆ వీధి ఆడవాళ్ళు. మా జాబితాల్లో పరిశీలకుల పేరు అనే చోట మా పేర్లే ఉంటాయి.

పుట్టి నడిపేవాళ్ళు, వల వేసేవాళ్ళు, ఎండాకాలం నది ఇసుకలో పుచ్చ, దోస వేసుకునేవాళ్ళు, గొర్రెలకాపరులు. నది పిట్టల గురించి ఈ నేల మీద ఎవరికైనా తెలుసంటే వాళ్ళకే తెలుసు. వాళ్ళను మేం దారి అడిగాం, ఇంకేం అడగలేదు. రాసుకున్నదంతా ఇంగ్లీషులో రాసుకున్నాం. వాళ్ళ భాషలో ఒక పేజీ కూడా వాళ్ళ ముందు పెట్టలేదు. మా అభిరుచి ఒక చిన్న వర్గంలో తిరిగి అక్కడే ఆగిపోయిందంటే కారణం ఇదే.

కాకినాడ దగ్గర కుంభాభిషేకం తీరానికి చలికాలంలో ఇండియన్‌ స్కిమ్మర్లు వస్తాయి. కింది ముక్కు పొడవుగా, పై ముక్కు పొట్టిగా ఉండి, నీళ్ళను చీల్చుకుంటూ ఎగిరే పిట్ట. ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్న పక్షుల్లో అదొకటి. బ్లాక్‌బెల్లీడ్‌ టెర్న్‌ కూడా ఐయూసీఎన్‌ ఎర్రజాబితాలో అదే వరసలో ఉంది. స్కిమ్మర్‌ కూడా నది ఇసుక మేట మీదే పెరుగుతుంది. చంబల్‌ ఒడ్డున ఆ గూళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనే కాపలా పెట్టి, కుక్కల్నీ పశువుల్నీ రానివ్వకుండా పిల్లల్ని దక్కించుకున్నారు. అంటే చేసే దారి ఉంది, చేసి చూపించినవాళ్ళూ ఉన్నారు. మన కృష్ణలో, గోదావరిలో, పెన్నలో ఒక్క టెర్న్‌ మేటకైనా అలాంటి కాపలా పెడదామని మేం ఒక సమావేశం పెట్టుకుని మాట్లాడుకున్న గుర్తు కూడా నాకు లేదు.

నాతో వాదించే మిత్రులున్నారు. వాళ్ళ మాటల్లోనూ న్యాయం ఉంది. మనం ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారం పిట్టలు చూసేవాళ్ళం, అడవి శాఖ పని మనమెలా చేస్తామంటారు. ఇసుక లారీల వెనక ఎవరున్నారో తెలిసి కూడా ఎదురెళ్ళమంటావా అంటారు. ఈ భయం కల్పితం కాదు. ఇసుకకు అడ్డుపడి దెబ్బలు తిన్న మనుషులున్నారు. లారీకి ఎదురు నిలబడమని నేను ఎవరికీ చెప్పను. నేను చెబుతున్నది కాగితం సంగతి. చూసింది చూసినట్టు, తారీఖు వేసి, చోటు గుర్తుపెట్టి రాసిపెట్టడం. అడిగినప్పుడు ఇవ్వడం. ఆ కొంచెం కూడా మేం చేయలేదు.

ఇంకో మిత్రురాలు అన్న మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. “చలికాలంలో వెళ్ళే మనవాళ్ళే గుంపులు గుంపులుగా ఎండాకాలం తిప్పల మీదికి దిగితే గుడ్లకు లారీ అక్కర్లేదు, మనం చాలు” అంది. నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ ఎండలో తల్లిపిట్ట లేచి కొన్ని నిమిషాలు వాలకపోతే చాలు, గుడ్డు లోపల ఉడికిపోతుంది. ల్యాప్‌వింగ్‌ గూటి చుట్టూ కెమెరాలు చేరి, పిట్ట అరుస్తూ తిరుగుతుంటే దాన్నే ఫొటో తీసిన గుంపులు మాలో ఉన్నాయి. ఫొటోకు అడ్డొస్తోందని గూటి ముందు గడ్డి పీకినవాళ్ళున్నారు. కూత రికార్డు పదేపదే వేసి పిట్టను బయటికి రప్పించినవాళ్ళున్నారు. గూడు ఎక్కడుందో మ్యాపు గుర్తుతో సహా గ్రూపులో పెట్టినవాళ్ళున్నారు. అప్పుడు మేం నోరెత్తలేదు, స్నేహం చెడుతుందని. అందుకే తిప్ప మీద అడుగు పెట్టకూడదు. ఒడ్డు నుంచి, టెలిస్కోపుతో, ఇద్దరికి మించకుండా, కాసేపు. గూటి ఫొటో వద్దు. గూటి చోటు గ్రూపులో వద్దు. అది అర్జీలో అధికారులకు మాత్రమే అందాలి.

కాబట్టి ఈ వ్యాసం చదువుతున్న వీక్షక మిత్రులకు నా మనవి. ఈ ఏడాది ఫిబ్రవరి తర్వాత బైనాక్యులర్లు బీరువాలో పెట్టకండి. మీ ఇంటికి దగ్గరలో ఏ నది ఉంటే ఆ నది, మంజీర అయినా మూసీ అయినా, తుంగభద్ర అయినా వంశధార అయినా, ఒక్క మేటను ఎంచుకోండి. మే ఆఖరుదాకా పొద్దున్నే వెళ్ళి ఒడ్డు నుంచి చూడండి. టెర్న్‌లు ఎన్ని జతలు, నేల మీద కూర్చున్నవి ఎన్ని, చేప పట్టుకుని ఎక్కడ వాలుతున్నాయి, కుక్కలున్నాయా, టైరు గాళ్ళున్నాయా రాయండి. ఏమీ లేకపోతే ఏమీ లేవని రాయండి. ఆ రేవులో పుట్టి నడిపే మనిషిని అడిగి, ఆయన చెప్పింది ఆయన పేరుతో, ఆయన ఒప్పుకుంటేనే, తెలుగులో రాయండి. మీ జిల్లా ఇసుక సర్వే నివేదిక ఏ సంవత్సరానిదో, మళ్ళీ ఎప్పుడు రావాలో కలెక్టరేట్లో కనుక్కోండి. ముసాయిదా వెబ్‌సైట్లోకి వచ్చిన రోజు నుంచి గడువు 21 రోజులే.